ఇంటర్వెల్ లేని ఆట

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీరు నన్ను వదిలేసి దాని గురించి మాట్లాడుకుంటారు. మన తెలుగువాళ్ళ సంగతి నాకు తెలియదా? చదువు పూర్తయి ఏం చెయ్యాలో పాలుపోని ఒక అబ్బాయి, ఏం చెయ్యాలో బాగా తెలిసిన ఒక అమ్మాయి, వాళ్ళ చుట్టూ స్నేహితులు, ఒక ఇరుకు మేడగది, వానలో ఒక బస్టాపు. ఇంతే కథ. మొదటి సగం నవ్విస్తుంది, రెండో సగం ఏడిపిస్తుంది. నేను హనుమకొండలో ఎనిమిదో క్లాసు చదువుతున్నప్పుడు వచ్చింది. మా మేనత్త నాచేత స్కూలు ఎగ్గొట్టించి మరీ తీసుకెళ్ళింది. అప్పటినుంచి అది నాకు కంఠతా వచ్చు.

సరిగ్గా ఇంటర్వెల్ ముందు, ఆ బస్టాపులో, అమ్మాయి అబ్బాయిని సూటిగా అడుగుతుంది, నా సంగతి ఏం ఆలోచించావని. వాడు నోరు మెదపడు. వస్తున్న బస్సు వైపు చూస్తాడు. తెర మీద విశ్రాంతి అని పడుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాడికి రెండో సగమంతా పడుతుంది. చిన్నప్పుడు నాకు ఆ జాప్యమే ప్రేమ అనిపించేది. పాపం ఎంత నలిగిపోతున్నాడో అని వాడి కోసం ఏడ్చేదాన్ని.

ఇక మా సంగతి. అతనిది గుంటూరు. ఇద్దరం అమెరికా వచ్చి ఇల్లినాయ్‌లోనే ఎం.ఎస్. చేశాం. యూనివర్సిటీ అపార్ట్‌మెంట్ల కింద బట్టలు ఉతుక్కునే గదిలో అతను ఎవరికో ఆ సినిమాలో డైలాగ్ చెప్తూ ఒక మాట మింగేశాడు. నేను డ్రయ్యర్‌లోంచి దుప్పటి లాగుతూ ఆ మాట అందించాను. అదే పరిచయం. తర్వాత అతనికి షామ్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది, నాకు అరోరాలో, రెండూ చికాగో పక్క ఊళ్ళే. వారాంతాలు ఒకచోటే. మూడేళ్ళు అలా గడిచాయి, బాగా గడిచాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి? అతనితో ఉంటే నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టేవి. నాకు జ్వరం వస్తే మంచు తుఫానులో కారేసుకుని చారు పట్టుకొచ్చిన మనిషి అతను. చెడ్డవాడు అని నేను ఇప్పటికీ అనను.

మా కులాలు వేరు. ఇల్లినాయ్‌లో మూడేళ్ళలో ఆ సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు. వాళ్ళింట్లో మొదట అడిగేది అదే. మా ఇంట్లో నేను ముందే చెప్పేశాను. మా అమ్మ కొన్నాళ్ళు ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడింది, మా నాన్న అసలు ఫోన్ దగ్గరికే రాలేదు. తర్వాత ఒకరోజు అమ్మ తనంతట తానే, ఆ పిలగాడు కారం బాగ తింటడా అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే. అతను మాత్రం టైమ్ చూసి చెప్తాలే అనేవాడు. నాన్నకి బీపీ తగ్గనీ, చెల్లి పురుడు కానీ, పెదనాన్న కూతురి పెళ్ళి గడవనీ అంటూ ఒకదాని తర్వాత ఒకటి. నేనూ సరే సరే అంటూ వచ్చాను. ఆ సినిమా చూసి పెరిగినదాన్ని కదా, మగవాడు నోరు తెరవడానికి టైమ్ పడుతుందని అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందటి వేసవిలో రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది, అతను వీసా స్టాంపింగ్‌కి, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర వేయించుకోవడానికి, ఇండియా వెళ్ళాల్సి వచ్చింది. ఇక్కడి కుర్రాళ్ళ ఇళ్ళల్లో స్టాంపింగ్ అనగానే పెళ్ళిచూపులు కూడా పెట్టేస్తారు, ఒక్క టిక్కెట్టు మీద రెండు పనులు అయిపోతాయని. వాళ్ళూ అదే చేశారు. విజయవాడ సంబంధం, ఫోటో కూడా వచ్చింది. ఆ ఫోటో నాకు చూపించి, చూశావా మా అమ్మ ఎంత ఫాస్టో అని నవ్వాడు. నేను నవ్వలేదు. రెండోది, నాకు ఎక్కడో కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఆఫర్ వచ్చింది. ఇక్కడి పని కంటే అన్నివిధాలా మేలు, వాళ్ళకి సోమవారానికల్లా జవాబు చెప్పాలి. నేను అతనికి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాను. సోమవారంలోపు మీ ఇంట్లో నా గురించి చెప్తే ఆ ఉద్యోగం వదిలేస్తాను, ఇక్కడే ఉంటాను. చెప్పకపోతే వెళ్ళిపోతాను. వాళ్ళు ఒప్పుకోవాలని కూడా నేను అడగలేదు. చెప్పు, అంతే.

శనివారం వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్తానన్నాడు. ఆ శనివారమే మా సినిమా మళ్ళీ విడుదల. మన దగ్గర పాత సినిమాలను మెరుగులు దిద్ది మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారు కదా, ఆ మోజు ఇక్కడికీ వచ్చింది. మా వైపు ఒక అంకుల్ ఉన్నారు. రిటైరైన ఇంజనీరు, ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. సినిమా హాలు అద్దెకు తీసుకుని పిల్లలందరికీ పాత సినిమాలు వేయించడం ఆయన సరదా. ఆంటీ పెద్ద పెద్ద అల్యూమినియం ట్రేలలో సమోసాలు, ఒక కూలర్ అంత ఫ్లాస్కులో టీ పట్టుకొస్తారు. ఆ సమోసాలు అమ్మరు, ఊరికే పెడతారు. తినకపోతే ఆంటీ ఊరుకోరు.

అమెరికా థియేటర్లలో ఇంటర్వెల్ ఉండదు. తెర మీద విశ్రాంతి అని పడుతుంది, మనం లేచేలోపే రెండో సగం మొదలైపోతుంది. కానీ ఈ సమోసాల కోసం అంకుల్ థియేటర్ మేనేజర్‌తో ముందే మాట్లాడి ఒక పది నిమిషాలు ఆట ఆపించేవారు. అందుకే ఆయన వేసే షోలంటే మా అందరికీ ప్రాణం.

ఆట సాయంత్రం ఆరున్నరకు. ఇంటర్వెల్ ఇక్కడ ఎనిమిదికి పడుతుంది, అక్కడ గుంటూరులో పొద్దున్న ఆరున్నర. వాళ్ళ నాన్న వాకింగ్ నుంచి వచ్చి కాఫీ తాగుతూ కూర్చునే సమయం. టీవీలో వార్తలు పెట్టి చిరాకు పడకముందు ఆ కాసేపే ఆయనతో ఏదైనా మాట్లాడొచ్చు. ఇదంతా నేను కనిపెట్టింది కాదు, అతను చెప్పిందే. "ఇంటర్వెల్‌లో బయటికొచ్చి నీ పక్కనే నిలబడి చేస్తా. నువ్వే వింటావు కదా," అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

శనివారం మధ్యాహ్నం అతని అపార్ట్‌మెంట్‌లో కూర్చుని కాగితాలు చించాం. హీరో వచ్చినప్పుడు, పాటలు వచ్చినప్పుడు గాల్లోకి విసరాలి కదా. మెయిల్‌బాక్స్‌లో వచ్చి పడే కిరాణా షాపుల ప్రకటనలు అతను నెలరోజులుగా దాచిపెట్టాడు. చికెన్ తొడలు, బట్టల సబ్బు, పుచ్చకాయలు, అన్నీ చిన్న చిన్న ముక్కలయ్యాయి. మామూలుగా అయితే అతను ఆ పని చేస్తూ వంద జోకులు వేసేవాడు. ఆరోజు వెయ్యలేదు. చించిన ముక్కలనే మళ్ళీ చించుతున్నాడు. నేను పదేపదే ఫోన్‌లో టైమ్ చూసుకుంటున్నాను. ఏం మాట్లాడాలో రిహార్సల్ చేసుకుందామా అని అడిగితే, వద్దు, నాన్నతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసులే అని చిరాకుపడ్డాడు. నేను మళ్ళీ కాగితాలు చించడంలో పడ్డాను. తాడో పేడో తేలే రోజు గొడవ పెట్టుకోవడం ఎందుకని.

కార్‌లో అతను ఆ సినిమా పాటలే పెట్టాడు. నాకు అవి చెవిలో జోరీగలా ఉన్నాయి. అదే పాటలు, నాకు ప్రాణమైన పాటలు.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో మావంటి ఉద్యోగస్తులు, స్టూడెంట్లు. వెనక అంకుల్స్, ఆంటీలు, తెలుగు సగం సగం వచ్చిన వాళ్ళ పిల్లలు. మేమిద్దరం మూడో వరసలో చివరి సీట్లు పట్టుకున్నాం, ఇంటర్వెల్‌లో తొందరగా బయటపడొచ్చని. సీట్లు నేనే ఎంచాను.

టైటిల్స్ పడుతుండగానే ఈలలు. హీరో మేడగదిలో నిద్రలేచి బనియను వెనక్కీ ముందుకీ తిప్పి తొడుక్కునే సీను రాగానే నాలుగువైపులా కాగితాలు లేచాయి. అతనూ లేచి రెండు చేతులా విసిరాడు. నేనూ విసిరాను. ఆ ఒక్క క్షణం నాకు భయం లేదు, సోమవారం లేదు, గుంటూరు లేదు. నా తల మీద సబ్బుల ప్రకటన రాలుతోంది, పక్కన అతను గొంతు చించుకుని అరుస్తున్నాడు. నేను మా మేనత్త పక్కన కూర్చున్న ఎనిమిదో క్లాసు పిల్లనైపోయాను.

అప్పుడు ఆట ఆగింది. లైట్లు వెలిగాయి. మేనేజర్ లోపలికి వచ్చింది. నడుముకు రేడియో తగిలించుకున్న పొడుగాటి మనిషి. కోపంగా ఏమీ లేదు, అలసిపోయి ఉంది. తను చెప్పింది చాలా న్యాయమైన మాట. ఈ హాల్లో మా తర్వాత ఇంకో ఆట ఉంది. ఈ చెత్త ఎత్తడానికి తన దగ్గర ఉన్నది ఇద్దరే మనుషులు. ఇప్పటిదాకా పడింది పడింది, సర్దుకుంటాం. మళ్ళీ ఒక్క గుప్పెడు పడినా మీకిస్తానన్న పది నిమిషాలు ఇవ్వను, ఆ టైమ్ శుభ్రం చెయ్యడానికి కావాలి. అంకుల్ లేచి నిలబడి సారీ చెప్పి, మావైపు తిరిగి, తెలుగులో బతిమాలారు, "ఆంటీ పొద్దున్నుంచి నిలబడి చేసిందర్రా. ఇంటర్వెల్ పోగొట్టకండి."

ఆ మాట అందరికీ తగిలింది. సంచులు సీట్ల కిందకు పోయాయి. మళ్ళీ ఆట మొదలైంది. నేను అతని చెవిలో, జాగ్రత్త, మన ఇంటర్వెల్ అన్నాను. తల ఊపాడు.

ఆ తర్వాత గంటసేపు నేను సినిమా చూడలేదు. అంటే కళ్ళు తెర మీదే ఉన్నాయి. హాలంతా డైలాగులు ముందే అరిచేస్తోంది, నవ్వులు, చప్పట్లు. నాకు వాళ్ళ నాన్న కనబడుతున్నారు. ఎన్నడూ చూడని మనిషి. ఇప్పుడు చెప్పులు వేసుకుంటున్నాడు, ఇప్పుడు పార్కులో తిరుగుతున్నాడు, ఇప్పుడు పాల ప్యాకెట్టు పట్టుకుని గేటు తీస్తున్నాడు అని లెక్కపెట్టుకుంటున్నాను. అరచేతులు చెమటలు పట్టి జీన్స్‌కి తుడుచుకుంటున్నాను. అతను పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్క గింజ ముట్టలేదు. చేతిలోని ఫోన్ వెలిగించి, చూసి, ఆర్పుతున్నాడు. ఒకసారి నా చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి నా చెయ్యికంటే తడిగా ఉంది. పాపం అనిపించింది. నిజంగా అనిపించింది.

బస్టాపు సీనుకు ముందు ఒక పాట ఉంది. స్నేహితులందరూ అద్దెగది ఖాళీ చేసేముందు మంచాలు ఎక్కి గంతులేసే పాట. అది అయిందంటే ఇంక ఇంటర్వెల్లే. హాలంతా సీట్లలోనే ఊగుతోంది, ఒక్కరు కూడా కాగితం తియ్యలేదు. ఒక పిల్లవాడు సంచిలో చెయ్యి పెడితే వాళ్ళమ్మ చెయ్యి మీద ఒకటి వేసింది. వెనక ఆంటీ అప్పుడే ట్రే మీది రేకు విప్పుతున్న చప్పుడు, సమోసాల వాసన. నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

అతను లేచి నిలబడ్డాడు. తలుపు వైపు కదులుతాడనుకుని నేను కాళ్ళు పక్కకు జరిపాను. అతను వంగి సీటు కింది సంచి తీశాడు. దాన్ని తలకిందులు చేసి, దులిపి, ఉన్నదంతా గాల్లోకి ఎగరేశాడు. తెర మీది వెలుగు పడి ఆ ముక్కలన్నీ మెరిశాయి. క్షణం సేపు హాలు బిత్తరపోయింది. తర్వాత ఎవడో ఈల వేశాడు, ఇంకెవడో విసిరాడు, కట్టలు తెగాయి. నా మీద, నా బ్యాగు మీద, పాప్‌కార్న్ డబ్బాలో, అంతా కాగితమే. మేనేజర్ తలుపు కొద్దిగా తెరిచి చూసి మూసేసింది. అంకుల్ మెట్లమీదుగా పరుగులాంటి నడకతో బయటకు పోవడం చూశాను.

బస్టాపులో వాన మొదలైంది. అమ్మాయి అడిగింది. అబ్బాయి బస్సు వైపు చూశాడు. విశ్రాంతి అని పడింది. సగం మంది లేచి నిలబడ్డారు. అక్షరాలు పోయి, మరుసటి సీను వచ్చేసింది, ఇంకో రోజు, ఇంకో వీధి. అయ్యో అని హాలంతా ఒక్క మూలుగు. అంకుల్ తిరిగి వచ్చి, ఇంక బ్రేక్ లేదు, టీ ఆట అయ్యాక పార్కింగ్‌లో తాగుదాం అని నీరసంగా చెప్పారు. లేచినవాళ్ళు కూర్చున్నారు.

నేను అతని వైపు తిరిగాను. అతను కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి చెవుల దాకా ఎక్కి ఉన్న భుజాలు కిందకు దిగాయి. పాప్‌కార్న్‌లోంచి కాగితం ముక్కలు ఏరి పక్కన పెట్టి, గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నవ్వుతున్నాడు కూడా, తెర వైపు చూస్తూ. నన్ను చూసి ఆ నవ్వు సర్దుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళలో అతని మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. చెయ్యి పట్టుకుని లేపాను. ఆపకుండా మెట్లు దిగి, తలుపు తోసుకుని లాబీలోకి లాక్కొచ్చాను. నేల మీద నీలం కార్పెట్టు, గోడవారన వీడియో గేముల యంత్రాలు ఒంటరిగా మోగుతున్నాయి. నా జుట్టులోంచి కాగితాలు రాలుతున్నాయి.

కావాలని చేశావా అని అడిగాను. పాట కదా, ఆగలేకపోయానని నసిగాడు. ఆట అయ్యాక చేస్తాడట. ఆట అయ్యాక నాన్న టీవీ పెట్టేస్తాడు కదా అన్నాను. అయితే రేపు పొద్దున్న అన్నాడు. అప్పటికి అక్కడ ఆదివారం సాయంత్రం, చుట్టాలు వస్తారు కదా అన్నాను. ఆ వంకలన్నీ నాకు అతనే నేర్పాడు, వరసగా అప్పజెప్పాను. అతను గేముల వైపు చూస్తున్నాడు. బస్సు ఒక్కటే తక్కువ.

"ఇంటర్వెల్ నీకు వాళ్ళిచ్చుడేంది? నేనిస్తున్న. ఇప్పుడు చెయ్యి," అన్నాను.

అతను ఫోన్ తీశాడు. ఇది నేను గుర్తుపెట్టుకోవాలి, ఫోన్ తీశాడు, చేశాడు కూడా. నేను బలవంతంగా అతని చేత నొక్కించలేదు. అవతల మోగుతున్నంతసేపూ నాకేసి చూశాడు. ఆ చూపులో నిజంగానే ప్రేమ ఉంది. అది అబద్ధమైతే ఈ కథ నాకు ఇంత కష్టంగా ఉండేదే కాదు.

వాళ్ళ నాన్న ఎత్తారు. అమెరికా దూరం కాబట్టి అరిస్తేగానీ వినబడదన్నట్టు మాట్లాడే మనిషి. స్పీకర్ పెట్టకపోయినా ప్రతి మాటా నాకు వినిపిస్తోంది.

"ఏరా, ఈ టైమ్‌లో చేశావ్? అంతా బానే ఉందా?"

అతను గొంతు సవరించుకున్నాడు.

"బానే ఉంది నాన్నా. ఊరికే చేశా."

ఆయన నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు, బెదిరించే మనిషి నవ్వు కాదు. అక్కడ వాన పడుతోందన్నారు. వాకింగ్‌కి గొడుగు పట్టుకెళ్ళారట. కాఫీ ఇంకా రాలేదట. కొడుకు పొద్దున్నే ఫోన్ చేసినందుకు ఆయన ఎంత సంతోషపడుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. అతను ఊ కొడుతున్నాడు. చెప్పు, ఇప్పుడు చెప్పు అని నేను పెదాలతో అంటున్నాను. అంతకంటే మంచి సమయం ఏ మనిషికీ దొరకదు. ఎదుటివాడు సంతోషంగా ఉన్నాడు, తీరిగ్గా ఉన్నాడు, వాన చూస్తున్నాడు.

అప్పుడు పెళ్ళి మాట ఆయనే ఎత్తారు. విజయవాడ వాళ్ళు ఫోన్ చేశారట. నువ్వు దిగిన వారంలోనే చూపులు పెట్టుకుందామంటున్నారు, నీకు ఓకేనా, నిన్నడిగి చెప్దామని ఆగాను అన్నారు. నిన్నడిగి చెప్దామని ఆగాను. ఆయన ఆ మాట అన్నారు, నా చెవులారా విన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"మీ ఇష్టం నాన్నా," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. తల లోపల ఏదో చప్పున చల్లారిపోయింది. మూడేళ్ళుగా నేను వాళ్ళ నాన్నకి భయపడ్డాను. ఆ గొంతు విన్నాక తెలిసింది, భయపడాల్సింది ఆయనకి కాదని. అడిగిన మనిషి అడిగాడు. చెప్పాల్సినవాడే చెప్పలేదు. ఇంకా ఫోన్‌లో మాట్లాడుతున్న అతన్ని అక్కడే వదిలేసి నేను హాల్లోకి వచ్చేశాను.

ఎందుకు వచ్చానంటే ఎక్కడికి పోను? వచ్చింది అతని కార్‌లో. మా సీట్ల దగ్గరికి పోలేదు. చీకట్లో వెనక వరసలో ఆంటీ పక్కన ఖాళీ కనిపిస్తే కూర్చున్నాను. ఆంటీ నా మొహం చూశారు, ఏమీ అడగలేదు, పేపర్ నాప్కిన్‌లో ఒక సమోసా పెట్టి చేతిలో ఉంచారు. తిన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే బాగా ఆకలేసింది. రెండోది కూడా అడిగి తిన్నాను.

రెండో సగం ఆరోజు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ అమ్మాయి ఉద్యోగానికి పోతుంది, బస్సెక్కుతుంది, దిగుతుంది, ఇంట్లో వాళ్ళకి సమాధానం చెప్తుంది. ఆ అబ్బాయి గడ్డం పెంచుకుని మేడ మీద కూర్చుంటాడు. వాడి బాధకి నాలుగు పాటలు, ఈ పిల్ల బాధకి ఒక్కటి కూడా లేదు. చివర్లో వాడు అమ్మాయి ఆఫీసు ముందు అందరి మధ్య నిలబడి, చెప్పాల్సిన మాట చెప్తాడు. హాలు దద్దరిల్లింది. చెప్పడానికి సినిమా అంతా పట్టినవాడికి ఈలలు, మొదటి సగంలోనే నోరు తెరిచి అడిగిన పిల్లకి ఒక్క చప్పట కూడా లేదు. చిన్నప్పటి నుంచి నేనూ వాడికే కొట్టాను ఆ చప్పట్లు. మూడో వరస చివర అతను లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. తుడుచుకుంటున్నాడు కూడా కళ్ళు.

లైట్లు వెలిగాక మేనేజర్ పొడుగు చీపుర్లు, చెత్త సంచులు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరూ చెప్పకుండానే అంకుల్ ఒక చీపురు అందుకున్నారు. ఆయన వయసు మనిషి ఊడుస్తుంటే ఎవరు పోగలరు? అందరం తలా ఒక వరస పంచుకున్నాం. నేను మూడో వరస తీసుకున్నాను. ఎవరి మీదా కోపంతో కాదు, అది నా వరస, నేనూ విసిరాను. సీట్ల మధ్య వంగి పుచ్చకాయ ముక్కలు, చికెన్ తొడల ముక్కలు ఊడుస్తుంటే అవతలి వైపు నుంచి అతను సంచి పట్టుకుని వచ్చాడు. ఇద్దరం మధ్యలో కలిశాం. నేను ఊడ్చింది అతను ఎత్తాడు. అలవాటైన జంటలాగే పని చేశాం కాసేపు.

ఇండియా వెళ్ళాక చెప్తాను, ఎదురుగా కూర్చుని, ఫోన్‌లో ఇలాంటివి కుదరవు, నన్ను నమ్ము అన్నాడు.

"చెప్పేసినవ్ కద," అన్నాను. "నేను విన్న."

అతను సంచి మూతి ముడేసి తీసుకుపోయాడు. నేను ఆ వరస పూర్తిచేసి చీపురు మేనేజర్‌కి ఇచ్చాను. థ్యాంక్స్ చెప్పింది. వచ్చేసారి బ్రేక్ తప్పకుండా ఇస్తానంది, ఆ మనిషి చేసిన తప్పేముంది?

పార్కింగ్‌లో ఆంటీ చల్లారిపోయిన టీ పోస్తున్నారు. అతను తన కారు దగ్గర తలుపు తెరిచి నాకోసం నిలబడ్డాడు. మీరు అరోరా మీదుగానే పోతారా, నన్ను దింపుతారా అని ఆంటీని అడిగాను. ఆమె అతని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఖాళీ ట్రేలు వెనక సీటులోంచి తీసి డిక్కీలో పెట్టి నాకు చోటు చేశారు.

అంకుల్ దారిపొడుగునా ఇంటర్వెల్ గురించే బాధపడ్డారు. ఎన్ని షోలు వేయించానమ్మా, ఒక్కసారి కూడా ఇలా పోలేదు, ఆ సంచి దులిపిందెవరో గానీ అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. మా అపార్ట్‌మెంట్ మలుపు దగ్గర ఆయన అద్దంలోంచి నన్ను చూసి, దీపావళికి ఇంకోటి వేయిస్తున్నాను, ఈసారి ఇంటర్వెల్ గ్యారంటీ, నువ్వు తప్పకుండా రావాలమ్మా అన్నారు.

"రాలేనంకుల్. అప్పటికి నేను శాంటా క్లారాలో ఉంటా."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అవునా, ఎప్పుడు, చెప్పనేలేదే అని ఇద్దరూ ఒకేసారి అడుగుతున్నారు. నేను చెబుతూ ఉన్నాను, ఏ కంపెనీ, ఏం పని, ఎప్పుడు చేరాలి. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఏడుస్తూనే మిగతాది కూడా చెప్పేశాను. ఆంటీ ముందు సీటులోంచి చెయ్యి వెనక్కి చాచి నా మోకాలు పట్టుకున్నారు, ఇల్లు వచ్చేదాకా తియ్యలేదు.